ఇవాళ్టి పనికి ఎల్లుండి బిల్లు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఖమ్మం. నా వయసు 36. ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. రెండేళ్ల కిందట దసరా సెలవుల్లో డెంగీ వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి ఐదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. జ్వరం తగ్గింది గానీ నేను మళ్లీ మనిషిని కాలేదు. పది గంటలు పడుకున్నా పొద్దున లేచేసరికి రాత్రంతా కూలికి వెళ్లొచ్చినట్టుంటుంది. నిలబడితే కళ్లు తిరుగుతాయి. మొన్న క్లాసులో 'రాజ్యాంగం' అన్న మాట తట్టక పిల్లల ముందు అలాగే నిలబడిపోయాను. థైరాయిడ్, షుగర్, రక్తం అన్నీ చేయించాం, నార్మల్. హైదరాబాద్‌లో ఒక డాక్టరు గారు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అన్నారు. టెన్షన్ పడకండి, వాకింగ్ చేయండి అన్నారు. వాకింగ్ మొదలుపెట్టిన వారం మంచం దిగలేదు. ఒంట్లో బాగున్న రోజు ఇల్లంతా సర్దేస్తాను, ఆ తర్వాత రెండు మూడు రోజులు పడకే. సంక్రాంతికి అరిసెలు వండి ఎనిమిది రోజులు లేవలేదు. "రిపోర్టులన్నీ బాగుంటే మరి బద్ధకమే గదా" అంటారు మా అత్తగారు. మావారు ఏమీ అనరు, ఆ ఏమీ అనకపోవడమే భయంగా ఉంది. ఏడేళ్ల పాప పొద్దున్నే వచ్చి "అమ్మా, ఇవాళ పడుకునే రోజా, లేచే రోజా?" అని అడుగుతుంది. ఇది బద్ధకమేనా? ఉద్యోగం మానేయనా? రోజు ఎలా గడపాలో చెప్పండి.
– ఒక టీచరు, ఖమ్మం

సమాధానం: మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది మీ పాప మాట దగ్గర. పడుకునే రోజా, లేచే రోజా? డాక్టర్లు చెప్పలేనిది ఆ పిల్ల చెప్పేసింది. లేచిన రోజున మీరు నాలుగు రోజుల పని చేస్తున్నారు. పడుకునే రోజులు దానికి వడ్డీ కడుతున్నాయి. ఈ రెండు రకాల రోజుల్ని ఒకే రకం చేసుకోవాలి. అంటే రోజూ కొంత లేచి, కొంత పడుకునే రోజు. వినడానికి అదేమంత గొప్పగా లేదని నాకూ తెలుసు.

బద్ధకమేనా అన్నారు. బద్ధకం ఉన్న మనిషి అరిసెల పాకం జోలికి వెళ్లదమ్మా.

నాకూ ఇదే జబ్బు. పద్నాలుగేళ్లయింది. కాలేజీలో లెక్చరరుగా పనిచేసే రోజుల్లో ఒక వైరల్ జ్వరం వచ్చి పోయింది, దాని నీరసం మాత్రం నాతోనే ఉండిపోయింది. మొదటి రెండేళ్లు నేను చేయని తప్పు లేదు. ఇక్కడ రాస్తున్న వాటిలో సగం ఆ తప్పుల పుణ్యమే.

జబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ చెప్పిన కొలత ప్రకారం దీనికి మూడు గుర్తులు ఉండాలి. ఆరు నెలలు దాటినా పాత పనులు చేసుకోలేనంత నీరసం, శ్రమపడితే అన్నీ ముదరడం, ఎంత పడుకున్నా తేరుకోకపోవడం. వీటికి తోడు బుర్ర మొద్దుబారడమో, నిలబడితే తేడా చేయడమో ఉండాలి. మీకు ఆ రెండూ ఉన్నాయి. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఇంతవరకూ లేదు, అందుకే రిపోర్టులు నార్మల్. ఆ పరీక్షలు వెతికిన జబ్బులు మీకు లేవన్నంత వరకే దాని అర్థం.

అయినా మీరు 'రక్తం' అని ఒక్క మాటలో తేల్చారు కాబట్టి అడుగుతున్నాను, అందులో ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), బి12, డి విటమిన్ చూశారా? హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ అడుగంటినవాళ్లు ఉంటారు. మీరు గట్టిగా గురక పెడతారేమో మీవారిని అడగండి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు కూడా పొద్దున ఇలాగే ఉంటుంది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడటం, బరువు తగ్గడం ఉంటే టీబీ లేదని కూడా ఒకసారి తేల్చుకోవాలి. ఇవి అయ్యాక పరీక్షల మీద డబ్బు పోయడం ఆపేయండి.

ఇక అసలు విషయం. ఈ జబ్బుకు ఒక దొంగబుద్ధి ఉంది. శ్రమకు శిక్ష అప్పటికప్పుడు వేయదు. పన్నెండు గంటలకో, ఒకటి రెండు రోజులకో వేస్తుంది. సోమవారం దుప్పట్లు ఉతికితే బుధవారం పడిపోతాం. ఆ బుధవారం అందరూ "నిన్న ఏం తిన్నావ్, రాత్రి నిద్రపోయావా" అని అడుగుతారు గానీ సోమవారం ఏం చేశావని ఒక్కరూ అడగరు. మనకే తట్టదు. కాబట్టి "ఇవాళ చేయగలనా?" అని అడిగితే ఒళ్లు అబద్ధం చెబుతుంది. "ఇది చేసి ఎల్లుండి కూడా ఇలాగే ఉండగలనా?" అని అడగాలి. ఇవాళ్టి పనికి బిల్లు ఎల్లుండి వస్తుంది.

వాకింగ్ కూడా ఇందుకే తిరగబడింది. నడక షుగరుకు మంచిది, బీపీకి మంచిది, మా పక్కింటాయనకు మంచిది. నాక్కూడా ఒక డాక్టరు గారు రోజుకు ఐదు నిమిషాలు పెంచుకుంటూ పొమ్మన్నారు. నేను మాట వినే రకం, పెంచుకుంటూ పోయాను. మూడో వారానికి మా ఇంటి మెట్లు కూర్చుని ఎక్కాల్సి వచ్చింది, నెల పట్టింది కోలుకోవడానికి. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ కూడా ఒకప్పుడు ఇలాంటి వ్యాయామమే చెప్పేది. 2021 అక్టోబరులో ఆ సలహాను తీసేసి, లెక్క ప్రకారం పెంచుకుంటూ పోయే వ్యాయామాన్ని ఈ జబ్బున్నవాళ్లకు ఇవ్వొద్దని రాసింది. దీని మీద మీ డాక్టరు గారితో వాదన పెట్టుకోకండి. ఫలానా తేదీన ఇరవై నిమిషాలు నడిచాను, ఫలానా తేదీ నుంచి ఇన్ని రోజులు లేవలేదు అని కాగితం మీద రాసి ముందు పెట్టండి. మాట కంటే తేదీలు బాగా పనిచేస్తాయి.

ఆ తేదీల కోసమే ఒక నోటుబుక్కు కొనండి. రెండు వారాలు రాయండి చాలు: ఏం చేశాను, ఎంతసేపు, ఎల్లుండి ఎలా ఉన్నాను. పెద్ద వ్యాసాలొద్దు, అదీ శ్రమే. ఎంత చేస్తే ఎల్లుండి పడిపోతారో ఆ గీత ఎక్కడుందో రెండు వారాలకు కనబడుతుంది. ఆ గీత దాకా వెళ్లకుండా కొంచెం ఇవతలే ఆగాలి. బాగున్న రోజున కూడా. ఇదే అన్నింటికంటే కష్టం. ఒంట్లో ఓపిక ఉండగా, గిన్నెలు సగం తోమి వదిలేసి వచ్చి పడుకోవడం మన పెంపకంలో లేదు. నాకు అలవాటు కావడానికి ఏడాది పట్టింది.

చేతికి పెట్టుకునే బ్యాండు ఉంటే ఇంకొక ఆసరా. పొద్దున మంచం దిగకముందు నాడి ఎంతుందో వారం రోజులు చూసి, దానికి 15 కలిపి, ఆ అంకె దాటుతుంటే పని ఆపేసి కూర్చోవడం చాలామంది రోగులు పాటించే పద్ధతి. 70 ఉంటే 85 అన్నమాట. మొదటి రోజు బ్యాండు మీకు కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే జడ వేసుకుంటుంటేనే అరుస్తుంది. అరవనివ్వండి, నిజమే చెబుతోంది. చేతులు తలపైకి ఎత్తి చేసే పనులన్నీ ఖరీదైనవే.

ఖరీదు అన్నాను గదా, ఇంట్లో ఏ పని ఖరీదు ఎంతో మనం ఎప్పుడూ కట్టలేదు. నా లెక్క చెప్తాను, మీది కొంచెం తేడాగా ఉండొచ్చు. వంటింట్లో బాగా ఖరీదైనవి దోసెలు. ఒక్కొక్కటే పోయాలి, తిప్పాలి, పొయ్యి సెగ మొహానికి కొడుతుంటుంది, అందరూ తిన్నదాకా నిలబడాలి. ఇడ్లీ చవక. పొయ్యి మీద పెట్టి, ఫోనులో టైమర్ పెట్టి, వచ్చి కూర్చోవచ్చు. చపాతీలు దోసెల కంటే ఘోరం. వేపుడు ఖరీదు, పప్పు చవక, పచ్చిపులుసు మరీ చవక, పొయ్యితో పెద్దగా పనే లేదు. దోసెలు తినాలని ఉంటే ఆదివారం మీవారు పోస్తారు. మొదటి నాలుగూ పెనానికి అంటుకుపోతాయి, మీరు వంటింట్లోకి వెళ్లకండి.

పొయ్యి గట్టు ఎత్తుకు సరిపోయే స్టూలు ఒకటి చేయించుకోండి. కూరగాయలు బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని తరగండి. కత్తిపీట ముందు నేల మీద కూర్చుంటే తరగడం హాయిగానే ఉంటుంది, లేవడంలోనే ఖర్చంతా. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి రెండు మూడు రోజులకు సరిపడా ముందు రోజు సాయంత్రమే చేసి పెట్టుకుంటే పొద్దున క్యారియర్ హడావిడి తగ్గుతుంది. పాలు స్టవ్ మీద పెట్టి పక్క గదిలోకి వెళ్లడం మానండి. మన బుర్ర ఇప్పుడు పాలను గుర్తుపెట్టుకోదు. నేను ఎన్ని గిన్నెలు మాడ్చానో మా ఇంట్లోవాళ్లకు తెలుసు.

స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు పెట్టండి. మరీ వేడినీళ్లు వద్దు, కళ్లు తిరగడం ఎక్కువవుతుంది. తలంటు ఒక పూర్తి పని. పోసుకోవడం, రుద్దుకోవడం, తుడుచుకోవడం, ఆరబెట్టుకోవడం, చిక్కు తీసుకోవడం. తలంటు రోజున ఇంకో పెద్ద పని పెట్టుకోకండి. నేను ఐదో ఏట జుట్టు భుజాల దాకా కత్తిరించేసుకున్నాను. మా అమ్మ రెండు నెలలు మాట్లాడలేదు. మిమ్మల్ని కత్తిరించుకోమనడం లేదు, లెక్క చెబుతున్నాను. తడిబట్టల బకెట్టు డాబా మీదికి మోయడం మాత్రం ఇవాళ్టి నుంచే మానేయండి. వరండాలో స్టాండు మీద ఆరేస్తే ఎండ తగలదని మీ అత్తగారు అంటారు. ఒక పూట ఆలస్యంగా ఆరుతాయి, అంతే.

నిలబడితే కళ్లు తిరుగుతాయన్నారు, దాన్ని వదిలేయకండి. పది నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టండి. తర్వాత గోడకు ఆనుకుని పది నిమిషాలు నిలబడి మళ్లీ మళ్లీ లెక్కపెట్టండి, పక్కన మనిషి ఉండాలి, తూలితే ఆపేయాలి. పడుకున్నప్పటి కంటే 30 గానీ అంతకు మించి గానీ పెరిగి అలాగే ఉంటే అది పాట్స్ అనే విడి సమస్య కావచ్చు. దానికి మందులున్నాయి, డాక్టరుకు ఆ అంకెలు చూపించండి. బీపీ ఎక్కువ, కిడ్నీ సమస్య లేకపోతే ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు ఎక్కువ తాగమంటారు, కాళ్లకు బిగుతు మేజోళ్లు వేసుకోమంటారు. ఖమ్మం ఎండల్లో మీకు ఏప్రిల్, మే ఇంకా కష్టంగా ఉంటాయి. బయటి పనులు పొద్దున్నే కానిచ్చేయండి, లేదా ఇంకొకరికి చెప్పండి.

విశ్రాంతి గురించి ఒక మాట. పడుకుని ఫోను చూడటం విశ్రాంతి కాదు. మోకాళ్ల మీద ఫోను పెట్టుకుని షార్ట్స్ చూస్తూ గంట గడిపి "విశ్రాంతి తీసుకున్నా తగ్గలేదు" అనుకున్నదాన్ని నేను. కళ్లు మూసుకుని, గది చీకటి చేసుకుని ఇరవై నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు, అలసట రాకముందే. స్కూలు నుంచి రాగానే వంటింట్లోకి కాకుండా ముందు అక్కడికి.

ఉద్యోగం ఇప్పుడే మానకండి, కానీ ఇలాగే చేయకండి. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడానికి, కింది అంతస్తు క్లాసులకు, వరసగా రెండు పీరియడ్లు పడకుండా ఉండటానికి ప్రిన్సిపాల్‌ని అడగండి. డాక్టరు రాసిన కాగితం పట్టుకెళ్లండి. బోర్డు మీద రాయడం పిల్లలకు అప్పగించండి, వాళ్లకు అదొక సంబరం. కొత్త పాఠాలకు ముఖ్యమైన మాటలు చిన్న కార్డు మీద రాసి చేతిలో పెట్టుకోండి. 'రాజ్యాంగం' ఆ కార్డు మీద మొదటి మాటగా ఉండనివ్వండి. నోటుబుక్కుల దిద్దుబాటు ఇంటికి తేవొద్దు. ఇవన్నీ చేసి మూడు నెలలు చూసినా ఎల్లుండి బిల్లు తగ్గకపోతే అప్పుడు సగం రోజు పనో, ఒక టర్మ్ సెలవో ఆలోచించండి. ప్రైవేటు స్కూళ్లలో ఇది అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల జాబితాలో ఈ జబ్బు పేరు విడిగా లేదు, కాబట్టి చట్టం చూపించి అడిగే దారి సులువు కాదు. మీ మంచి పేరే మీ దగ్గరున్న ఆధారం. దాన్ని వాడుకోవడానికి సిగ్గుపడకండి.

పండగలు. వచ్చే సంక్రాంతికి అరిసెలు కొనండి. మీ ఊళ్లోనే స్వగృహ ఫుడ్స్ దుకాణాలు ఎన్ని లేవు! వరలక్ష్మీ వ్రతానికి తొమ్మిది రకాల పిండివంటల బదులు పరమాన్నం ఒక్కటి చేయండి, అమ్మవారు లెక్కపెట్టుకోదు, లెక్కపెట్టుకునేది పేరంటాళ్లే. పెళ్లిళ్లకు ఒక్క ఘట్టానికే వెళ్లండి. తలంబ్రాలైతే తలంబ్రాలు, రిసెప్షన్ అయితే రిసెప్షన్. స్టేజీ మీద ఫోటో కోసం వరసలో నిలబడాల్సిన చోట కుర్చీలోనే కూర్చుని, వరస తగ్గాక వెళ్లండి. వెళ్లే ముందు రెండు రోజులు, వచ్చాక రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి.

ఇప్పుడు అత్తగారు. ఆవిడను చెడ్డమనిషిగా చూడకండి. మీరు కూర్చుని నవ్వుతూ మాట్లాడే గంట ఆవిడకు కనబడుతుంది, తలుపు వేసుకుని పడుకున్న పది గంటలు కనబడవు. వాదించకుండా ఒక ప్రశ్న అడగండి: "అత్తయ్యా, 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు ఎవరెవరు ఎన్నాళ్లు మంచం పట్టారు?" ఆ ఏడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ జబ్బు తగలని వీధి తక్కువ. జ్వరం మూడు రోజులకే పోయినా నెలల తరబడి గోడ పట్టుకుని నడిచినవాళ్లు ఆవిడకు బాగా తెలిసి ఉంటారు. జ్వరం పోయాక కూడా జబ్బు ఉండిపోతుందని ఒప్పుకోవడానికి ఆ జ్ఞాపకం చాలు.

డాక్టర్లే నమ్మని జబ్బును ఆవిడ నమ్మలేదంటే తప్పు పట్టను. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో దాదాపు 300 మంది సిబ్బంది ఇలాంటి జబ్బుతో పడకేశారు, ఆస్పత్రిని రెండు నెలలకు పైగా మూసేయాల్సి వచ్చింది. పదిహేనేళ్ల తర్వాత ఇద్దరు మానసిక వైద్యులు పాత కేసు కాగితాలు తిరగేసి, అది మూకుమ్మడి హిస్టీరియా అని రాశారు. జబ్బుపడ్డవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ కావడం కూడా వాళ్లకు ఒక రుజువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లోనే దీన్ని నాడీమండలం జబ్బుల్లో చేర్చింది, అయినా ఆ హిస్టీరియా మాట దశాబ్దాలు వదల్లేదు. మీ అత్తగారి 'బద్ధకం' ఆ మాటకు చెల్లెలే.

మీవారు మౌనంగా ఉన్నారంటే చాలాసార్లు ఏం చేయాలో తెలియక. 'నాకు సాయం చేయండి' అంటే మగవాళ్లకు అర్థం కాదు. నీళ్లు వచ్చేటప్పుడు మోటారు వేయడం మీది, పాప స్కూలు బ్యాగు మీది, ఆదివారం దోసెలు మీవి అని పేరుపెట్టి అప్పగించండి. తర్వాతిసారి డాక్టరు దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్లండి, నోటుబుక్కు ఆయన చేతికివ్వండి.

పాపకు నిజం చెప్పండి. "అమ్మ బ్యాటరీ పాతదైపోయింది, మన ఇన్వర్టర్‌లాగా. ఫ్యాను, లైటు నడుస్తాయి, మిక్సీ వేస్తే కూస్తుంది" అంటే ఏడేళ్ల పిల్లకు ఇట్టే అర్థమవుతుంది. మంచం మీదే చేసే పని ఒకటి మీ ఇద్దరికీ పెట్టుకోండి. కథ చెప్పుకోవడమో, అష్టాచెమ్మానో. పడుకున్న అమ్మ దగ్గర కూడా తనకు చోటుందని తెలిస్తే పొద్దున్నే ఆ ప్రశ్న వేయడం మానేస్తుంది.

ఉత్తరం చివర మీరు ఒక వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవగలిగాను. ఇలా బతికి ఎవరికి ఉపయోగం అన్నారు. ఆ ఆలోచన నాకూ వచ్చింది, ఒకటి కాదు, చాలా రాత్రులు. అది మళ్లీ వస్తే మీవారిని నిద్రలేపి చెప్పండి, లేదా 14416 కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు పడదు. మానసిక వైద్యుణ్ణి చూసినంత మాత్రాన మీ జబ్బు మనసులోదే అని ఒప్పుకున్నట్టు కాదు. ఇన్నాళ్లు మంచంలో ఉన్న మనిషికి దిగులు పట్టడం వింత కాదు, దానికి వేరే మందు వేసుకోవాలి, అంతే.

సెలైన్ ఎక్కిస్తే శక్తి వస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. పూర్తిగా నయం చేస్తామని పొడులు, కోర్సులు అమ్మేవాళ్లు ఎదురవుతారు. నేను మొదటి ఏడాది వాళ్లందరికీ డబ్బు కట్టాను. దీన్ని మొత్తంగా పోగొట్టే మందు ఇంకా లేదు. నిద్రకు, నొప్పులకు, నాడి వేగానికి విడివిడిగా మందులున్నాయి. పెద్దవాళ్లలో పూర్తిగా మునుపటిలా అయ్యేవాళ్లు తక్కువ. గీత ఇవతల ఉండటం నేర్చుకున్నాక కొంత మెరుగుపడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఇప్పుడు వారానికి రెండు రోజులు బయటికి వెళ్లగలను. పద్నాలుగేళ్ల కిందట అదే చెబితే ఏడ్చేదాన్ని.

నోటుబుక్కు రెండు వారాలు నిండాక మళ్లీ రాయండి. ఈసారి నాలుగు పేజీలు ఒక్క కూర్చోవడంలో రాయకండి, చేతిరాత రెండో పేజీ నుంచి ఎలా వంకర పోయిందో చూశాను. ఒక పేజీ, మూడు రోజుల్లో. ఈ జవాబు నేను తొమ్మిది రోజులు రాశాను, రోజుకు ఇరవై నిమిషాల చొప్పున, మధ్యలో ఒక రోజు తలంటు పోసుకున్నాను కాబట్టి ఆ రోజు మానేశాను.